సీసా మీద ఆ ఒక్క మాట తీసెయ్యండి: సుగంధ తైలాలు తీసే, నింపే, అమ్మే తోటివారికి బహిరంగ లేఖ

నిమ్మగడ్డి, పామరోజా, తులసి, సాంబ్రాణి, ఏదైనా సరే నూనె తీసేవాళ్ళకు, దాన్ని డ్రమ్ముల్లో కొని సీసాల్లో నింపేవాళ్ళకు, ఆ సీసాల్ని వాట్సాప్‌లోనూ యూట్యూబ్‌లోనూ ఎగ్జిబిషన్ స్టాళ్ళలోనూ అమ్మేవాళ్ళకు నమస్కారం. మన సీసాల మీంచి, కాగితాల మీంచి 'క్యాన్సర్' అనే మాట తీసెయ్యమని అడగడానికే ఈ లేఖ.

నేను బయటివాణ్ణి కాదు. తొమ్మిదేళ్ళ నుంచి ఆరెకరాల్లో నిమ్మగడ్డి వేస్తున్నాను. వేరుశనగ రెండేళ్ళు వరసగా ఎండిపోయాక, హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉన్న సీమాప్ (ఔషధ, సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ) కేంద్రానికి వెళ్ళి శిక్షణ తీసుకుని, 'కృష్ణ' రకం పిలకలు తెచ్చి నాటాను. పశువులు ముట్టవు, అడవిపందులు ముట్టవు, ఏడాదికి మూడు నాలుగు కోతలు. షెడ్డులో సొంత బట్టీ ఉంది. టన్ను పచ్చిగడ్డి వేసి ఆవిరి పడితే ఐదారు కిలోల నూనె వస్తుంది. ఈ నూనె వల్లే మా పెద్దమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. కాబట్టి నేను రాసేది నూనె మీద కోపంతో కాదు.

పోయిన దసరాకు మా చిన్నమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. అంతకు ఆరు నెలల ముందు ఆవిడ రొమ్ములో గడ్డ బయటపడింది. ఆరోగ్యశ్రీలో కీమో మొదలుపెట్టారు. రెండు విడతలు అయ్యేసరికి జుట్టు రాలిపోయింది, నోరంతా పూసింది, అన్నం వాసన వస్తేనే వాంతులు. మూడోదానికి వెళ్ళలేదట. ఆ సంగతి మాకెవ్వరికీ చెప్పలేదు.

"ఇప్పుడు మందు మార్చాం రా, ఇది చెట్టు మందు, ఏమీ కాదు" అంటూ దేవుడి గూట్లోంచి చిన్న సీసా తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. మూత తియ్యకముందే నాకు వాసన తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళుగా నా చొక్కాలకు, నా దిండుకు, నా టిఫిన్ బాక్సుకు పట్టిన వాసన అది. సీసాతోపాటు ఇచ్చిన కాగితంలో ఉంది: పరగడుపున గోరువెచ్చని నీళ్ళలో మూడు చుక్కలు, రాత్రి పడుకునేముందు గడ్డ ఉన్నచోట రెండు చుక్కలు మర్దన, 90 రోజుల్లో క్యాన్సర్ కణాలు 'ఆత్మహత్య' చేసుకుంటాయి. చిన్నమ్మ పైట పక్కకు తీసి చూపించింది. చర్మం కమిలి, పొక్కులు లేచి, ఒకచోట పచ్చిగా ఉంది. అమ్మినవాణ్ణి ఫోన్‌లో అడిగితే "లోపలి విషం బయటికొస్తోందమ్మా, మానకండి" అన్నాడట.

అది విషం బయటికి రావడం కాదు. వేరే నూనెలో కలిపి పల్చన చెయ్యని నిమ్మగడ్డి నూనె చర్మం మీద నేరుగా పూస్తే అలా కాలవచ్చు. గ్లవ్స్ లేకుండా రిసీవర్ (బట్టీలోంచి వచ్చే నూనె పట్టే పాత్ర) కడిగిన ప్రతి కుర్రాడికీ తెలుసు ఆ మంట.

ఆ సీసా నింపిన ప్యాకరు నా దగ్గర కూడా కొంటాడు. అందులోది నా గడ్డి నూనే కావచ్చు, పక్క మండలం వాళ్ళదీ కావచ్చు. ఆ తేడా నన్ను పెద్దగా నిద్రపోనివ్వలేదు. అతని పేరు ఇక్కడ రాయను. అతనొక్కడే అయితే ఈ లేఖ అక్కర్లేదు, ఫోన్ చాలు.

ఇంటికొచ్చాక నేను చేసిన మొదటి పని, ఆ 'ఆత్మహత్య' ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడం. డిగ్రీలో కెమిస్ట్రీ చదివిన పాపానికి కొంచెం అర్థమవుతుంది కదా. దొరికింది. 2005లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 'ప్లాంటా మెడికా' అనే పత్రికలో ఒక పరిశోధన వేశారు. మన నూనెలో ముప్పావు వంతు ఉండే సిట్రాల్‌ను గాజు పళ్ళెంలో పెంచిన రక్త క్యాన్సర్ కణాలకు తగిలిస్తే, ఆ కణాలు తమను తామే చంపుకునే ప్రక్రియ మొదలైంది. ఒక గ్రాము నిమ్మగడ్డితో కాచిన కప్పు టీలో ఎంత గాఢత ఉంటుందో, అంత గాఢతే దానికి సరిపోయింది. వార్త పత్రికలకెక్కింది. నిమ్మగడ్డి పండించే ఒక రైతు పొలానికి క్యాన్సర్ రోగులు తాజా గడ్డి అడుగుతూ వచ్చారని అక్కడి వార్తల్లోనే రాశారు. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ కథే తిరిగి తిరిగి మా చిన్నమ్మ దేవుడి గూట్లోకి వచ్చింది.

పరిశోధన అబద్ధం కాదు. అది నిజమే కాబట్టే ఇంత ప్రమాదకరం. పచ్చి అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మన బట్టీ లెక్క వేసినట్టే లెక్క వెయ్యండి. పళ్ళెంలో కణాలు అంత గాఢత ఉన్న ద్రవంలోనే మునిగి ఉన్నాయి. గంటల తరబడి వాటి చుట్టూ ఉన్నది అదే. మనిషి కప్పు టీ తాగితే ఆ 200 మిల్లీలీటర్లు ఒంట్లో ఉన్న సుమారు 30 లీటర్ల నీళ్ళలో కలవాలి. అంటే గాఢత నూట యాభయ్యో వంతుకు పడిపోయింది. అదీ మొత్తం రక్తంలోకి ఎక్కితే. ఎక్కదు. పేగుల నుంచి వెళ్ళింది ముందు కాలేయం దగ్గర ఆగుతుంది. సిట్రాల్ లాంటి చిన్న అణువుల్ని కాలేయం చకచకా మార్చేసి మూత్రంలోకి పంపేస్తుంది. అన్నీ దాటుకుని రొమ్ములోని గడ్డను చేరేది ఎంత? ఇక పళ్ళెంలోని కణాలంటారా, వాటి మీద సబ్బునీళ్ళు పోసినా చస్తాయి, చిక్కటి ఉప్పునీళ్ళు పోసినా చస్తాయి. కణాన్ని చంపడం కష్టం కాదు. పక్క కణాన్ని, దాని మనిషిని బతికించి దాన్నొక్కదాన్నే చంపడం కష్టం.

"మరి మనుషుల మీద ఎవరూ చూడలేదా? కంపెనీలు తొక్కిపెట్టాయి" అని మీలో కొందరు అంటారని తెలుసు. చూశారు. ఎవరూ తొక్కిపెట్టలేదు. ఆ కాగితాలు ఎవరైనా చదవొచ్చు.

నారింజ తొక్క నూనెలో తొంభై శాతం దాకా లిమోనీన్ ఉంటుంది. ఎలుకల్లో గడ్డల్ని బాగా తగ్గించింది. 1998లో బ్రిటన్ వైద్యులు దాన్ని, ఇంకే మందూ పనిచెయ్యని 32 మంది రోగులకు ఇచ్చి చూశారు. ఒకే ఒక్క రొమ్ము క్యాన్సర్ రోగికి గడ్డ కొంత తగ్గి, పదకొండు నెలలు అలాగే నిలిచింది. నాకైతే అది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఆశ పుట్టదా మరి. వాళ్ళకూ పుట్టింది. అందుకే అదే మోతాదులో ఇంకో పదిమంది రొమ్ము క్యాన్సర్ రోగులకు ఇచ్చారు. ఒక్కరికీ తగ్గలేదు.

మోతాదు ఎంతో తెలుసా? శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు రోజుకు 8 గ్రాములు. మామూలు ఆడమనిషికి పన్నెండు గ్రాముల పైమాటే. మన డ్రాపరులోంచి పడే చుక్క 30 మిల్లీగ్రాములు అనుకుంటే రోజుకు నాలుగు వందల చుక్కలు. అంత ఇచ్చినా పనిచెయ్యనిది, పరగడుపున మూడు చుక్కలకు పనిచేస్తుందా? పోనీ మూడు చాలవు, నాలుగు వందలు తాగండి అని కాగితంలో రాస్తామా? వద్దు. ఈ వాక్యం ఎవరైనా కత్తిరించి వీడియో చేస్తారేమో అని భయంగా ఉంది. నూనెలు అలా తాగేవి కావు. నీలగిరి తైలం, కర్పూరం కొంచెం మింగిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చి ఆసుపత్రులకు పరుగెత్తే సంగతి మన ఊళ్ళలో ఏ పిల్లల డాక్టర్ని అడిగినా చెబుతారు.

రెండోది పెరిల్లిల్ ఆల్కహాల్. లావెండర్‌లో, పుదీనా జాతి నూనెల్లో, కొంచెం మన నిమ్మగడ్డిలోనూ ఉంటుంది. తొంభైల్లో అమెరికాలో దాన్ని క్యాప్సూళ్ళలో నింపి, రోజుకు నాలుగుసార్లు గుప్పెడేసి మింగించారు. అండాశయం, రొమ్ము, ప్రోస్టేట్, పెద్దపేగు క్యాన్సర్లన్నిటిలో చూశారు. రోగులకు మిగిలింది వికారం, త్రేన్పులు, నీరసం. గడ్డలు దాదాపు ఎవరికీ తగ్గలేదు. కానీ కథ అక్కడ ఆగలేదు. బ్రెజిల్‌లో డాక్టర్ క్లోవిస్ ద ఫొన్సెకా బృందం దాన్నే మింగించకుండా ముక్కు ద్వారా పీల్పిస్తే ఎలా ఉంటుందని ఆలోచించింది. ముక్కు దారిన మెదడు దగ్గర. మెదడు గడ్డలున్న రోగుల్లో ఏళ్ళ తరబడి పరిశీలించారు. అమెరికాలో దాన్ని బాగా శుద్ధి చేసి 'నియో100' అనే పేరుతో పరీక్షలు నడిపిస్తున్నారు. ఇది రాసేనాటికి అది అందరికీ రాసివ్వగల మందు కాదు, పరీక్షలో ఉన్న పదార్థం.

గమనించండి, అక్కడ నూనె లేదు. నూనెలోని వందల అణువుల్లోంచి ఒక్కదాన్ని విడదీశారు. ఎంత మోతాదు, ఏ దారిన, ఎంతసేపు, ఎవరికి అన్నీ రాసుకున్నారు. రోగికి సంతకం పెట్టించుకుని, పైసా తీసుకోకుండా ఇచ్చారు. మనం అదే అణువు పేరు చెప్పి 750 రూపాయలకు లావెండర్ సీసా అమ్ముతున్నాం.

అన్నిటికంటే నాకు నవ్వు, కోపం రెండూ తెప్పించేది సాంబ్రాణి నూనె. 'ఫ్రాంకిన్సెన్స్' అని ఇంగ్లిషులో రాస్తే ధర మూడింతలు. మన అడవుల్లో అందుగు అంటాం, చెట్టుకు గాటు పెడితే కారే జిగురు. ఆ జిగురులో బోస్వెల్లిక్ ఆమ్లాలు ఉంటాయి. వాటి మీద మంచి పరిశోధనలే ఉన్నాయి. 2011లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ వైద్యులు, మెదడులో గడ్డలకు రేడియేషన్ తీసుకుంటున్న 44 మందిలో సగం మందికి రోజుకు 4,200 మిల్లీగ్రాముల జిగురు సారం, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్ళలో ఎక్కువమందికి మెదడు వాపు బాగా తగ్గింది. వాపు తగ్గిందన్నారు, గడ్డ కరిగిందనలేదు. రేడియేషన్‌తో పాటు ఇచ్చారు, బదులుగా కాదు.

సరే, ఇప్పుడు బట్టీ నడిపేవాడిగా చెప్పండి. బోస్వెల్లిక్ ఆమ్లం అణుభారం 456. సిట్రాల్‌ది 152, సాంబ్రాణి నూనెలో ఉండే పైనీన్‌ది 136. నూరు డిగ్రీల ఆవిరి మీద ఎక్కి, ఆవిరిని చల్లార్చే కండెన్సర్ దాటి వచ్చేవి ఈ తేలికవి. ఆ బరువైన ఆమ్లం ఎక్కుతుందా? ఎక్కదు. బట్టీ అడుగున జిగురు ముద్దలోనే ఉండిపోతుంది. ఉడికిన ముద్దను మనం గీకి పెంటకుప్పలో పారేస్తున్నాం. దాని పేరు మాత్రం పైన వచ్చిన నూనె సీసాకు అంటిస్తున్నాం! పరిశోధన ఏ పదార్థం మీద జరిగిందో అది సీసాలో లేనే లేదు. జీసీ రిపోర్టు (నూనెలో ఏది ఎంత ఉందో చూపే ల్యాబ్ పరీక్ష) చదవడం వచ్చిన మనకే ఇది తెలియాలి. కొనే ఆమెకు ఎలా తెలుస్తుంది?

చెట్టుకు శక్తి లేదని నేననడం లేదు. మనందరి పెరళ్ళలో ఉండే బిళ్ళగన్నేరునే చూడండి. జమైకాలో దాని ఆకు కషాయం చక్కెర వ్యాధికి వాడతారని విని, కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు పరీక్షించబోయారు. చక్కెర తగ్గలేదు. ఎలుకల్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలు విపరీతంగా పెరిగే జబ్బుకు ఇదే పనికొస్తుందేమో అని వాళ్ళకు తట్టింది. 1958లో ఆ మొక్కలోంచి తీసిన విన్‌బ్లాస్టిన్ గురించి ప్రకటించారు. అదే మొక్కలోంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్‌కు 1963లో అమెరికాలో ఆమోదం వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్ రకానికి ఇవాళ్టికీ అది ముఖ్యమైన మందు. దాని మోతాదు పెద్దవాళ్ళకైనా మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. నరంలోకి ఎక్కించాల్సింది పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే మనిషి బతకడం అరుదు. చెట్టు మందు ఏమీ కాదనే మాట మళ్ళీ అనాలనిపిస్తే ఆ 2 మిల్లీగ్రాముల్ని గుర్తు చేసుకోండి.

తమాషా ఏమిటంటే, చిన్నమ్మ ఏ కీమోకు భయపడి చెట్టు మందుకు మారిందో, ఆ కీమో చీటీలో ఉన్న పాక్లిటాక్సెల్ కూడా చెట్టు మందే. అమెరికా పడమటి అడవుల్లోని యూ చెట్టు బెరడు. 1962లో బెరడు సేకరించారు. మన్‌రో వాల్, మన మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టిన మన్‌సుఖ్ వానీ కలిసి అందులోని అణువును పట్టుకున్నారు. ఆమోదం వచ్చేసరికి 1992. ముప్ఫై ఏళ్ళు. ఈ మాట చెబితే చిన్నమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మరి ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదేరా" అంది. అదీ నిజమే. ఆ తప్పు మనది కాదు గానీ, వాళ్ళు చెప్పని చోటే మన కాగితం దూరుతోంది.

చికిత్స మానేసినందువల్ల ఏమవుతుందో కూడా లెక్క ఉంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు, ఇంకా ఒంట్లో పాకని క్యాన్సర్ ఉండి, ఆసుపత్రి చికిత్స బదులు ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న 281 మందిని, చికిత్స తీసుకున్న 560 మందితో పోల్చి 2018లో ప్రచురించారు. మొత్తం మీద చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు. రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లు దాటింది. ఎందుకంటే రొమ్ము క్యాన్సర్ మొదట్లో పట్టుకుంటే బాగా నయమయ్యే జబ్బు. పోగొట్టుకునేది అక్కడే ఎక్కువ.

చట్టం సంగతి కూడా చెప్పాలి, మీలో చాలామందికి తెలియదని నా అనుమానం. నాకూ తెలియదు మొన్నటిదాకా. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం కొన్ని జబ్బులకు మందు ఉందని ప్రకటన ఇవ్వడమే నేరం. ఆ జాబితాలో క్యాన్సర్ ఉంది. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ప్రకటన అంటే పేపర్లో వేసేదే కాదు. లేబుల్, రేపర్, కరపత్రం, నోటితో చెప్పడం, వెలుతురు, చప్పుడు, చివరికి పొగతో చేసే ప్రకటన కూడా అందులో రాశారు. పొగ! సాంబ్రాణి అమ్మేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే రాశారేమో అనిపించింది. 'సపోర్ట్ చేస్తుంది', 'సహాయపడుతుందని అంటారు' అని మెలికలు తిప్పినంత మాత్రాన బయటపడతామని అనుకోకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకూ ఒక మాట. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కిట్టీ పార్టీల్లో, గుడి ఫంక్షన్లలో చైన్ పద్ధతిలో ఈ సీసాలు అమ్ముతున్న అక్కయ్యలు చాలామంది ఉన్నారు. పండక్కి ఇండియా వచ్చినప్పుడు అత్తగారికి, పిన్నిగారికి తెచ్చేదీ ఇవే. 2014లోనే అక్కడ మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ రెండు పెద్ద నూనె కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. వాళ్ళ కింద అమ్మేవాళ్ళు క్యాన్సర్ దగ్గర్నుంచి ఎబోలా దాకా తగ్గుతుందని రాశారని. కంపెనీ 'మేము అనలేదు' అంటుంది. పేరు పోయేది కింద అమ్మిన అక్కయ్యది.

డబ్బు గురించి దాచడమెందుకు. నేను కిలో నూనె పన్నెండు వందలకు అమ్ముతున్నాను. ఆ లెక్కన పది మిల్లీలీటర్ల సీసాలో ఉన్న నూనె పదకొండు రూపాయలు చెయ్యదు. సీసా, మూత, డబ్బా, కొరియర్, మీ కష్టం అన్నీ కలిపి నూట యాభైకి అమ్మినా మిగులుతుంది. గదికి వాసనకు, దోమలకు, నేల తుడిచే నీళ్ళలోకి, సబ్బుల్లోకి అంటే ఆ ధరే పలుకుతుంది. ఏడు వందల యాభై పలకాలంటే క్యాన్సర్ అనాలి. ఆ ఆరు వందలు నూనెకు కాదు, భయానికి.

నూనె మానెయ్యమని నేనడగడం లేదు. కీమో వార్డులో ఎవరైనా రుమాలు మీద ఒక చుక్క వేసుకుని, వాసన హాయిగా ఉంది, నిద్ర పట్టింది అంటే సంతోషమే. అదీ డాక్టర్‌కు చెప్పి. కొందరికి కీమోలో ఏ వాసనైనా పడదు, మన వాసన అసలే ఘాటు. అంతవరకు చెప్పి అమ్మండి. కానీ ఫోన్‌లో ఎవరైనా 'గడ్డ' అనగానే, రేటు చెప్పకముందు "డాక్టర్‌కు చూపించారా, మందులు వేసుకుంటున్నారా" అని అడగండి. మానేశామంటే సీసా అమ్మకండి. ఆ ఒక్క బేరం పోతే ఎవరి పిల్లల ఫీజూ ఆగదు.

చిన్నమ్మ మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది. చర్మం మానడానికి మూడు వారాలు పట్టింది. అప్పటిదాకా సూది మొదలుపెట్టలేదు. గడ్డ ముందు స్కాన్‌లో కంటే పెద్దదైంది, చంకలోకి కూడా వచ్చింది. డాక్టరమ్మ తిట్టలేదు. "ఎన్ని నెలలు మానేశారు" అని అడిగి, కేస్ షీట్ మీద 'నాలుగు' అని రాసుకుంది. ఇప్పుడు ఆపరేషన్ అయి రేడియేషన్ జరుగుతోంది. సీసా నా దగ్గరే ఉంది.

ఈ సంక్రాంతి కోత నుంచి నా ప్రతి డ్రమ్ము మీదా తెలుగులో పెద్దక్షరాలతో ఒక స్టిక్కరు వేస్తున్నాను: 'వాసనకు, సబ్బుకు మాత్రమే. తాగకూడదు. కలపకుండా చర్మానికి పూయకూడదు. ఏ జబ్బుకూ మందు కాదు.' కొనేవాళ్ళ దగ్గర, ఈ మాటలే సీసా మీదా వేస్తామని కాగితం రాయించుకుంటున్నాను. మీరూ వేస్తే బాగుంటుంది. డిజైన్ కావాలంటే ఇస్తాను, డబ్బులక్కర్లేదు.

మొన్న ఒక ప్యాకరు ఫోన్ చేశాడు. "అన్నా, రెండు డ్రమ్ములు అర్జెంటుగా కావాలి. ఆ స్టిక్కరు పీకేసి పంపు, కిలోకు వంద ఎక్కువిస్తా" అన్నాడు. పంపలేదు. రెండూ షెడ్డులోనే ఉన్నాయి. కావలసినవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు. సిట్రాల్ 78 శాతం, జీసీ రిపోర్టు డ్రమ్ముకే కట్టి ఉంది.

ఇట్లు
మీలో ఒకడు, నిమ్మగడ్డి రైతు